నారి తీసే మదీనాబీ

విడపనకల్లు దగ్గరి ఆ ఊళ్లో కాలికి నారికురుపు లేచిందంటే జనం నేరుగా మదీనాబీ ఇంటిదారి పట్టేవాళ్లు. ఆమె హస్తవాసి అలాంటిది. రోగిని దిగుడు బావి మెట్ల మీద కూర్చోబెట్టి, కాలు నీళ్లలో పెట్టించేది. చల్లదనానికి కురుపులోంచి నారిపురుగు తల బయటపెడితే, దారంలాంటి ఆ పురుగును పుల్లకు చుట్టి, రోజుకు కాస్త చొప్పున తెగకుండా లాగేది.

ఏదైనా అడగందే ఊరుకోని మనిషి ఆమె. "ఇది మనిషి లోపలికి యాడనుంచి పోతాది?" అని కనబడినవాళ్లనల్లా అడిగేది. శాపమన్నారు కొందరు, చద్దిసంకటి అన్నారు కొందరు. ఏదీ ఆమెకు మింగుడుపడలేదు.

అరవై ఒకటిలో హెల్త్ ఇన్‌స్పెక్టరు చౌడప్ప వచ్చి, బావి మెట్లు మూయాలన్నాడు. ఊరంతా కస్సుమంది. మెట్లు మూస్తే మదీనమ్మ వైద్యం యాడ చేస్తాదని జనం పట్టుబట్టారు.

మదీనాబీ మాత్రం, "మూయాల్సిన పనేముందప్పా?" అని అడిగింది.

చౌడప్ప బావినీళ్లు గాజుగ్లాసులో ముంచి, భూతద్దం ఆమె చేతికిచ్చాడు. నూకగింజంతైనా లేని పురుగులు నీళ్లలో గెంతుతున్నాయి.

"నీళ్లు తగిల్తే నారి పిల్లల్ని వదుల్తాది అవ్వా. ఈ నీటిపురుగులు వాటిని మింగుతాయి. ఈ నీళ్లు మనం తాగుతాం. ఏడాదికి మన కాల్లో లేస్తాది."

"నీళ్లు తగిల్తేనా?"

"తగిల్తేనే."

ఆమె భూతద్దం దించి బావివైపు చూసింది. ఆ నీళ్లలో ఎందరి కాళ్లు పెట్టించిందో!

సాయంత్రం ఊరందరి ముందూ చెప్పేసింది. "బావిలో పురుగును వదిలింది నేనే. మంచే చేస్తాండాననుకుంటి. మెట్లు మూయండి."

"అయితే మా ఇంటాయన నారికురుపుతో మంచాన పడింది నీవల్లేనా?" అని పక్కింటి తిప్పమ్మ లేచింది.

"అదీ నా పుణ్యమే తిప్పమ్మా."

తిప్పమ్మ విసురుగా ఇంటికి వెళ్లిపోయింది.

రాతిపని ఓబుళేసు మెట్లు పెరికి, ఆ రాళ్లతోనే బావి చుట్టూ గోడ కట్టి గిలక వేశాడు. కాళ్లు నానబెట్టడానికి దూరంగా ఒక తొట్టి చెక్కాడు. ఆ నీళ్లు ఎర్రమట్టిలోనే పారబోయాలి, పుండుకు చౌడప్ప మందు రాయాలి, పుల్ల మదీనాబీ చుట్టాలి. ముగ్గురూ కలిసి ఆలోచించిన పద్ధతి అది.

కానీ ఎవరూ రాలేదు. తొట్టి పక్కన మదీనాబీ ఒక్కతే కూర్చునేది. ఊరి ముందు ఆ మాట ఎందుకన్నానా అని ఏడ్చింది కూడా.

ఒక పొద్దున తిప్పమ్మ మొగుడికి భుజం ఆసరా ఇచ్చి నడిపించుకొచ్చింది. అతని కాలు తొట్టిలో పెట్టించి, పుల్ల మదీనాబీ చేతికిచ్చింది.

"చుట్టు. నీకంటే చెయ్యి తిరిగినోళ్లు యాడుండారు?"

రెండేళ్లు తిరిగేసరికి ఊళ్లో నారికురుపు మాటే లేదు. "నీ పని పాయె కదక్కా!" అని ఓబుళేసు ఎగతాళి చేశాడు.

"పోనీలేప్పా," అని నవ్వి, ఆ తొట్టిని తిప్పమ్మ గొర్రెలకు ఇచ్చేసింది.