పిస్టల్ మీది పట్టీ

కొత్త తోలు వాసన గది దాటి వచ్చాక కూడా వేళ్ళను వదలదు. పోయిన నెల మా స్టోరు గదిలో బల్ల మీద పిస్టల్ పెట్టుకునే ఒరలు రెండు రకాలు పరిచి పెట్టారు. మేం వాడుకలో వాటిని పౌచ్‌లంటాం. ఒకటి నోరు తెరిచి ఉండేది. చేయి వేయగానే పిస్టల్ బయటికి వస్తుంది. రెండోదానికి పైన వేలెడు వెడల్పు తోలు పట్టీ, ఆ పట్టీకి ఒక ప్రెస్ బటన్. బటన్ విప్పితేగాని పిస్టల్ కదలదు. కొత్తగా వచ్చే ఎస్సైలకు ఏది ఇవ్వాలో నా అభిప్రాయం రాసివ్వమన్నారు. కాగితం మీద ఒక్క వాక్యం రాస్తే సరిపోయే పని. నేను మాత్రం ఆ తోలును చేతిలో పట్టుకొని చాలాసేపు కూర్చున్నాను. ఆ వాక్యాన్ని ఎన్నో ఏళ్ళ కిందట నాకు నేర్పినవారు సైదులు గారు.

సైదులు గారు నా మొదటి పోస్టింగులో ఏఎస్సై. తెలంగాణ వచ్చిన కొత్తలో, నకిరేకల్‌కు అంత దూరం కాని ఒక స్టేషన్‌లో నన్ను ఎస్సైగా వేశారు. మోత్కూర్ పక్క పల్లెలో కూలి చేసుకొని బతికిన మా ఇంట్లో యూనిఫాం వేసుకున్న మొదటి మనిషిని నేను. నన్ను ఆ బట్టల్లో చూడటానికి వచ్చిన బాపు గేటు బయటే నిలబడిపోతే, లోపలికి తీసుకొచ్చి కుర్చీ వేసింది సైదులు గారే. అప్పటికి ఆయన రిటైర్మెంటుకు మూడేళ్ళున్నాయి. సన్నటి మనిషి. మీసం తెల్లబడింది కానీ జుట్టు నల్లగానే ఉండేది. తంబాకు నములుతూ, అవసరమైతే తప్ప మాట్లాడేవారు కాదు. ఒక ఆడపిల్ల కింద పనిచేయడం ఆయనకు మొదట్లో నచ్చలేదు. ఆ సంగతి నోటితో ఎన్నడూ అనలేదు గాని, నేను పిలిచిన ప్రతిసారీ ఒక క్షణం ఆలస్యంగా లేచేవారు.

ఉద్యోగంలో చేరేముందు హైదరాబాదులో నేనొక పౌచ్ కొనుక్కున్నాను. నల్లగా నిగనిగలాడేది, పట్టీ లేనిది. శిక్షణలో పిస్టల్ తీసి గురిచూసే వేగంలో మా బ్యాచ్‌లో నాది రెండో స్థానం. ఆ వేగం పోగొట్టుకోవడం నాకు ఇష్టం లేదు. అద్దం ముందు నిలబడి ఎన్నిసార్లు తీసి చూసుకున్నానో చెబితే ఇప్పుడు సిగ్గనిపిస్తుంది. సైదులు గారు మూడు రోజులు నా నడుము వైపు చూసి ఊరుకున్నారు. నాలుగో రోజు టీ తాగుతూ అడిగారు.

“మేడం, గా పౌచ్‌కు పట్టీ ఎందుకు లేదు?”

“జల్ది తీయొచ్చని కొన్న.”

“ఎవరి కోసం తీస్తరు?”

“ఎవరన్న మీదికొస్తే,” అన్నాను.

“సరే. రేపు ఒక పని చెయ్యుండ్రి. మీ కుడి మోచేతికి అందేంత దగ్గరికి ఎంతమంది వస్తరో లెక్కపెట్టుండ్రి. పిస్టల్ ఎన్నిసార్లు తీస్తరో గది సుత లెక్కపెట్టుండ్రి.”

మరునాడు సంత. మధ్యాహ్నానికి నలభై దాటాక లెక్క వదిలేశాను. గట్టు తగాదాతో వచ్చిన అన్నదమ్ములు నా బల్లకు రెండు వైపులా వంగి అరుచుకున్నారు. బస్టాండులో కాలేజీ పిల్లలు రాసుకుంటూ పోయారు. కొడుకు అన్నం పెట్టడం లేదని వచ్చిన ఒక అవ్వ నా బెల్టు పట్టుకొనే తన గోడంతా చెప్పుకుంది. ఆమె చేతికి, పిస్టల్ పిడికి మధ్య జానెడు దూరం కూడా లేదు. ఆ రోజు నేను పిస్టల్ తీయవలసిన పని ఒక్కసారీ పడలేదు. సాయంత్రం ఈ మాట చెబితే ఆయన నవ్వలేదు. “నా నౌకరీల నేను రెండే సార్లు తీద్దామని చెయ్యి ఏసిన మేడం,” అన్నారు.

ఆ కథ ఆయన ఒక్కసారిగా చెప్పలేదు. కోర్టు పని మీద జీపులో నల్లగొండ పోయివస్తున్నప్పుడు ముక్కలు ముక్కలుగా చెప్పారు. అన్నల రోజుల్లో, అంటే నక్సలైట్ల కాలంలో, ఆయన ఒక ఎస్సైకి గన్‌మన్. ఒకనాడు ఉదయం టీ కొట్టు దగ్గర ఇద్దరు వచ్చి ఆ ఎస్సైని కాల్చి పరుగెత్తారు. పది అడుగుల దూరంలో ఉన్న సైదులు గారు రివాల్వర్ తీసి వెంటపడ్డారు గాని వాళ్ళు దొరకలేదు. తిరిగి వచ్చి చూస్తే, చనిపోయిన మనిషి చేయి ఇంకా నడుము మీదే ఉంది.

“బొటనేలు పట్టీ మీదనే ఉండె మేడం. బటన్ సగం తెరుసుకొని ఉండె.”

ఆ వారమే ఆయన తన పౌచ్ పట్టీని బ్లేడుతో కోసి పారేశారు. ఆ రోజుల్లో చాలామంది అదే పని చేశారట.

రెండోసారి కథ బత్తాయి తోటలో. బావుల దగ్గరి మోటార్ల దొంగను తరుముతూ తోటలోకి ఉరికారు. గట్టు దూకి, ముళ్ళకంచె దాటి, దొంగ దగ్గరికి చేరి, రివాల్వర్ తీద్దామని చేయి వేస్తే పౌచ్ ఖాళీగా ఉంది. దొంగ పోయాడు. మధ్యాహ్నం దాకా స్టేషన్ మొత్తం ఆ తోటను గాలించింది. చివరికి ఒక చెట్టు కింద, బోర్లించిన గంప మీద కాయలు తెంపే కూలామె కూర్చొని కనిపించింది. తోటవాళ్ళు లేవమంటే లేవలేదు. పోలీసు బట్టల మనిషి దగ్గరికి వచ్చాకే లేచి గంప ఎత్తింది. కింద రివాల్వర్ ఉంది. “పిలగాండ్లు ఆడుకుంటాండ్రు బిడ్డా, గందుకే గంప బోర్లిచ్చి కూసున్న,” అందట. పొద్దుటినుంచి ఆమె నీళ్ళు తాగడానికి కూడా లేవలేదు. సైదులు గారిని సస్పెండ్ చేశారు, ప్రమోషన్ కొన్నేళ్ళు వెనక్కి పోయింది. ఆ సంగతి ఒక్క ముక్కలో చెప్పేసి, ఆ కూలామె గురించే చాలాసేపు మాట్లాడారు.

“మరి ఏది సరైంది?” అని అడిగాను. పట్టీ ఒకరిని చంపింది. పట్టీ లేకపోవడం ఇంకెవరినో చంపబోయింది.

“గా రోజులకు గది సరే మేడం. ఇప్పుడు మనల్ని చంపనీకి ఎవ్వరు వస్తలేరు. కొట్లాడనీకి వస్తాండ్రు, ఏడ్వనీకి వస్తాండ్రు. గసుంటోళ్ళ చేతికి గది అందకుండ చూస్కోవాలె. రేపు రోజులు మల్ల మారితే పౌచ్ సుత మార్చుండ్రి.”

నా నల్ల పౌచ్‌ను బీరువాలో పెట్టి స్టోరు నుంచి పట్టీ ఉన్నది తీసుకున్నాను. అంతటితో అయిపోయిందనుకున్నాను. “పట్టీ పెట్టుకున్నోళ్ళకు పని ఎక్కువ మేడం,” అన్నారాయన. రోజూ పొద్దున స్టేషన్ వెనక గోడకేసి నిలబడి, ఖాళీ పిస్టల్‌తో, బొటనవేలితో బటన్ విప్పి తీయడం, మళ్ళీ పెట్టి బటన్ నొక్కడం. చూడకుండా చేయాలి. ఎడమచేతిలో ఫైలు పట్టుకొని చేయాలి. గోరు విరిగింది, బొటనవేలు కాయ కాసింది. ఆయన పక్కన నిలబడి తంబాకు నలుపుకుంటూ చూసేవారు. పిస్టల్ తీసినప్పుడు ఒక్కమాటా అనేవారు కాదు, తిరిగి పెట్టి బటన్ నొక్కడం మరిచిపోతే మాత్రం దగ్గేవారు. ఆ ఏడు ఫైరింగులో పాత వేగానికి నేను దాదాపు దగ్గరగా వచ్చాను. టార్గెట్ కాగితం వెలుతురుకు పట్టి చూసి “బాగుంది” అన్నారు. ఆ తర్వాత నేను పిలిస్తే వెంటనే లేచేవారు.

మరుసటి ఎండాకాలం హైవే మీద వడ్ల లారీ ఒకటి బండి మీద పోతున్న కూలీని గుద్దింది. మనిషి అక్కడికక్కడే పోయాడు. ఊరంతా శవాన్ని రోడ్డు మీద పెట్టి కూర్చుంది. బస్సులు రెండు వైపులా నిలిచిపోయాయి. నేను వాళ్ళ మధ్యలోకి వెళ్ళి, శవాన్ని దవాఖానకు తరలించడానికి ఒప్పించే ప్రయత్నం చేస్తున్నాను. పెద్దమనుషులతో మాట్లాడుతూ కుడివైపు చూసుకోలేదు. చనిపోయినతని తమ్ముడు నరేశ్ అటునుంచి వచ్చాడు. ఇరవై రెండేళ్ళుంటాయేమో. “మా అన్నను చంపినోన్ని నాకు చూపియ్యి,” అంటూ నా నడుము మీద చేయి వేశాడు. పిస్టల్ పిడి అతని పిడికిట్లో ఉంది. రెండుసార్లు గుంజాడు. బెల్టుతో పాటు నేను కూడా అతని మీదికి ఊగాను. పట్టీ తెగలేదు, బటన్ ఊడలేదు.

నేను నా చేతిని అతని చేతి మీద వేసి నొక్కిపట్టేలోగా సైదులు గారు వచ్చారు. లాఠీ ఎత్తలేదు. నరేశ్ మణికట్టు పట్టుకున్నారు.

“తమ్మీ, జర చెయ్యి తియ్యి. గది మీ అన్నను తేదు.”

నరేశ్ ఆయన ముఖంలోకి చూశాడు. వేళ్ళు ఒక్కొక్కటిగా వదిలాయి. తర్వాత అక్కడే తారు మీద కూలబడి ఏడ్చాడు. అంతా కలిపి అర నిమిషం ఉంటుందేమో.

మధ్యాహ్నం స్టేషన్‌లో కానిస్టేబుళ్ళందరిదీ ఒకటే మాట, ఆయుధం లాక్కోబోయినందుకు కేసు రాయాలని. నాకూ అదే అనిపించింది. నడుము దగ్గర చర్మం కమిలిపోయింది. ఆ సెక్షన్లు పెడితే నరేశ్ చాలాకాలం బయటికి రాడు. సైదులు గారు తలుపు దగ్గరగా వేసి నా ఎదుట కూర్చున్నారు.

“ఏం గుంజుకున్నడు మేడం?”

“పిస్టల్ గుంజబోయిండు గదా.”

“రాలే గదా.”

“పట్టీ లేకుంటే వచ్చేది.”

“వస్తే రాయనీకి చానా ఉండె. ఆని మీద ఉండె, మన మీద సుత ఉండె. రాలేదు గాబట్టి రాయకున్నా నడుస్తది. ఆ ఇంట్ల ఇయ్యాల ఒకడు పోయిండు. రెండోవాన్ని మనం తీస్కపోవుడెందుకు?”

అప్పటిదాకా ఆ పట్టీ నన్ను కాపాడటానికే అనుకున్నాను. చేతికందితే ఏం చేసేవాడో తనకే తెలియని మనిషిని కూడా అది కాపాడుతుందని ఆ మధ్యాహ్నం అర్థమైంది. లారీ డ్రైవర్ మీద కేసు రాసి, నరేశ్ పేరు వదిలేశాను. ఎవరో సెల్‌ఫోన్‌లో తీసిన వీడియో పైఅధికారి దాకా వెళ్ళింది. ఎందుకు కేసు పెట్టలేదని నాకు మెమో వచ్చింది. ఆయుధం ఒర దాటలేదని జవాబు రాశాను. వాళ్ళు ఒప్పుకోలేదు, అలాగని ముందుకూ లాగలేదు. నేను చేసింది రూలు ప్రకారం సరైనదేనా అంటే ఇప్పటికీ గట్టిగా చెప్పలేను.

రిటైరైన రోజు సైదులు గారు తన పిస్టల్‌ను ఆర్మరీలో అప్పగించి సంతకం చేశారు. వరండాలోకి వచ్చి నాలుగడుగులు నడిచి ఆగారు. “నడుం ఒక్క పక్కకు గుంజినట్టు అనిపిస్తాంది మేడం, ఏం లేదు గదా ఇప్పుడు,” అన్నారు. దేవరకొండ వైపు తన ఊరికి వెళ్ళిపోయారు. రెండేళ్ళ తర్వాత గుండె ఆగి పోయారని తెలిసేసరికి దినాలు కూడా అయిపోయాయి. నేనప్పుడు జడ్చర్లలో బందోబస్తులో ఉన్నాను. ఆ సాయంత్రం దాకా డ్యూటీ చేసి, తర్వాతి ఆదివారం వాళ్ళింటికి వెళ్ళివచ్చాను.

నిరుడు సీఐగా మళ్ళీ అదే సర్కిల్‌కు వచ్చాను. ఒకనాడు పాస్‌పోర్టు విచారణ పని మీద ఒకతను లోపలికి వచ్చాడు. దుబాయిలో డ్రైవర్ పని దొరికిందట. విచారణ కాగితంలో కేసులున్నాయా అన్న చోట మా కానిస్టేబుల్ ‘లేవు’ అని రాశాడు. పేరు చూశాక తల ఎత్తాను. నరేశ్. ఒళ్ళు చేసి, ముందు జుట్టు ఊడి, చేతులు కట్టుకొని నిలబడ్డాడు. కూర్చోమన్నాను. కుర్చీ అంచున కూర్చున్నాడు. గది చుట్టూ చూసి అడిగాడు.

“మేడం, గా సారు ఉన్నడా?”

లేరని చెప్పాను.

అతను తన కుడి మణికట్టు వైపు చూసుకున్నాడు. “గా రోజు నన్ను కొడ్తడనుకున్న మేడం. చెయ్యి పట్టుకున్నడు గని, నొప్పి పెట్టలే.”

ఆయన దగ్గర నేను నేర్చుకున్నదంతా బొటనవేలికి సంబంధించిందే అనుకుంటూ వచ్చాను. మనిషిని పట్టుకునే మిగతా నాలుగు వేళ్ళ సంగతి నరేశ్ చెప్పాకే తెలిసింది. అతని విచారణ కాగితం మీద సంతకం చేసి ఇచ్చాను. పోయిన నెల స్టోరు కాగితం మీద పట్టీ ఉన్న పౌచే ఇవ్వాలని రాశాను. నరేశ్ వచ్చిపోయిన రోజు నుంచి ఎవరినైనా పట్టుకోవలసి వస్తే, ముందు నా పట్టు ఎంత గట్టిగా ఉందో చూసుకుంటాను. ఎక్కువైందనిపిస్తే కొంచెం వదులు చేస్తాను.