బంతి ముడి మీద నా వేలు

నిన్న చెప్పుల దుకాణంలో కొత్త తోలు వాసన తగలగానే సూర్యాపేటలో మా ఇంటి అరుగు గుర్తొచ్చింది. నా ఈడు వాళ్లకు గుర్తుందా, బూటుకు కట్టినట్టు లేసు కట్టే తోలు వాలీబాల్?

నాన్న కాలేజీలో వాలీబాల్ కోచ్. ఆయన ఉద్యోగమంతా ఆ ఒక్క గ్రౌండులోనే గడిచింది. ఇంటికొచ్చినా ఒళ్లో బంతే ఉండేది, నాకు చోటుండేది కాదు. సైకిలు పంపుతో గాలి కొట్టి, లేసు బిగించి, ముడి వేసేటప్పుడు మాత్రం "జర ఏలు పెట్టు బిడ్డా" అని నన్ను పిలిచేవాడు. ముడి పడేదాకా నాన్న నావాడు.

ఒకరోజు ఆ పిలుపు విని పరుగెత్తుకొచ్చేసరికి ముడి మీద యాదగిరి వేలుంది. జట్టులో కొత్తగా చేరిన పొడుగాటి పిల్లాడు.

"నేనున్న గదా నాయినా!" అన్నాను.

"నీది చిన్న ఏలు, జారుతది. వీనిది సూడు, ఎంత గట్టిగున్నదో" అని నవ్వాడు నాన్న.

ఆ పూట నేను అన్నం ముట్టలేదు. జట్లు మారాయి, పిల్లలు మారారు, నా వంతు మాత్రం మళ్లీ రాలేదు.

పోయినేడు నాన్న సంవత్సరీకానికి యాదగిరి వచ్చాడు, తల పూర్తిగా నెరిసింది. నాన్న ఫొటోకు దండ కడుతూ వెనక్కి తిరిగి, "జర ఏలు పెట్టు చెల్లె" అన్నాడు.

వేలు పెట్టాను గానీ ఒళ్లు మండిపోయింది. అచ్చం నాన్న గొంతే. ఆ మాట కూడా వీడికే ఇచ్చిపోయాడు.