తడి జేబు పట్టాభిరామయ్య

"ఇడ్లీ రేకుల్లో మెంతులు పోసే మనిషిని నేనెక్కడా చూళ్ళేదు!"

"మెంతులు పై రేకులోనే ఛాయా. కింద రేకుల్లో ఆవాలు."

"నేనడిగింది ఆ వివరం కాదు! పిండి రుబ్బి కూర్చున్నాను. ఇడ్లీ ఎందులో వెయ్యను? మీ నెత్తి మీదా?"

"రెండ్రోజులు ఓపిక పట్టు. ఇప్పుడిప్పుడే తలలెత్తుతున్నాయి. ఈ టైములో కదిపితే బెదురుతాయి."

"ఆవాలు బెదురుతాయిట! ఇన్నేళ్ళు నాతో కాపురం చేశారు, మీరెప్పుడైనా బెదిరారా?"

నోట్లో బ్రష్షుతో, మోటారు వెయ్యడానికి పైగది నుంచి కిందికి దిగుతున్న తేజేష్ మెట్ల మధ్యలో ఆగాడు. నాచారంలోని ఆ ఇంట్లో ఇడ్లీ రేకుల గురించి గొడవ జరగడం వింత కాదు. ఆగింది ఆ తరవాతి మాటకి.

"సరే, ఇడ్లీలు పోనివ్వండి. పైగది సంగతి తేల్చండి. ఉప్పల్ నుంచి ఆ సాఫ్ట్‌వేర్ దంపతులు మళ్ళీ ఫోన్ చేశారు. చక్కగా ఫ్యామిలీ. పొద్దున్న వెళ్తే సాయంత్రం వస్తారు. ఈ అబ్బాయి చూడబోతే బ్యాచిలరు. ఉద్యోగం లేదు, చదువు మధ్యలో వదిలేశాడు, పగలంతా పైనే పడి ఉంటాడు. ఇలాంటివాణ్ణి ఎందుకు పెట్టుకున్నారని కాలనీ అంతా అడుగుతున్నారు."

"పగలంతా పైనే పడి ఉంటాడనే పెట్టుకున్నాను! ఆ గదినిండా నా పళ్ళేలున్నాయి. పూటపూటా నీళ్ళు చల్లాలి. ఉద్యోగం ఉన్నవాడు చల్లుతాడా? నాకు ఉద్యోగం లేనివాడే కావాలి."

తేజేష్ నోట్లో బ్రష్షు ఆగిపోయింది. తనకి ఉద్యోగం లేకపోవడం లోకంలో ఎవరికో ఒకరికి పనికొచ్చిందని వినడం వాడికి అదే మొదలు.

"అయితే వినండి," అంది ఛాయాదేవి. "ఆ పళ్ళేలు పచ్చగా ఉన్నన్నాళ్ళూ ఆ అబ్బాయి ఉంటాడు. ఒక్క పళ్ళెం కుళ్ళి నా ఇల్లు కంపు కొట్టిందా, మర్నాడే సాఫ్ట్‌వేర్ వాళ్ళకి తాళంచెవి. మాటంటే మాట."

"మాటంటే మాట," అన్నాడు పట్టాభిరామయ్య మహా ధీమాగా.

ఆయన ధీమాకి కారణం ఉంది. పట్టాభిరామయ్యకి ఉన్న పిచ్చి ఒకటే: గింజ కనబడితే నానబెట్టాలి. పెసలు, శనగలు, అలసందలు, ముల్లంగి విత్తనాలు, చివరికి ఆవకాయకి తెచ్చిన ఆవాలు కూడా. ఆయన చేతిలో పడిన గింజ మొలవకుండా తప్పించుకున్న దాఖలా లేదు. కృష్ణా జిల్లా నుంచి కుర్రతనంలో వచ్చి, హబ్సిగూడ వైపు ఓ సర్కారీ సంస్థలో సర్వీసంతా రాళ్ళు పరీక్షించాడు. ఎంత నానబెట్టినా రాయి మొలవదు కదా, ఆ కసంతా రిటైరయ్యాక గింజల మీద తీర్చుకుంటున్నాడని వీధిలో చెప్పుకునేవాళ్ళు.

ఇంట్లోనే నానబెడితే ఎవరికీ బాధ లేకపోయేది. ఆయన గింజల్ని వెంటేసుకుని తిరిగేవాడు. తడిగుడ్డలో మూటకట్టి చొక్కా జేబులో పెట్టుకునేవాడు. "ఒంటి వేడికి తొందరగా కళ్ళు తెరుస్తాయి," అనేవాడు. అందుకని ఆయన చొక్కాలన్నిటికీ ఎడమవైపు గుండె మీద పెద్ద తడి మరక. కొత్తవాళ్ళు చూసి, పాపం ఈయనకి ఏదో ఆపరేషన్ అయిందనుకుని బస్సులో సీటు ఇచ్చేవాళ్ళు. ఆయన కాదనకుండా కూర్చునేవాడు.

ఓసారి ఉప్పల్ బస్సులో కండక్టరమ్మ కంగారు పడింది. "పెద్దాయనా, మీ జేబులకెల్లి నీళ్ళు కారుతున్నయ్!"

"కారనీ తల్లీ. ఎక్కువైన నీళ్ళు పోవాలి. తక్కువైతే ఓర్చుకుంటాయి గానీ, నీళ్ళు నిలిస్తే ఊపిరాడక చస్తాయి."

"ఎవరు సస్తరు?" అని ఆవిడ విజిల్ వేసి బస్సు ఆపేసింది.

ఉప్పల్ స్టేడియానికి మ్యాచ్ చూడ్డానికి తేజేష్‌ని తీసుకెళ్ళినప్పుడు ఇంకా ఘోరం. గేటు దగ్గర తనిఖీ చేస్తున్న పోలీసాయన చెయ్యి జేబులో పెట్టి, పామును తాకినట్టు వెనక్కి లాక్కున్నాడు.

"గిదేంది సార్, తడితడిగుంది?"

"పెసలు."

"పెసలా? లోపలికెందుకు?"

"మొలకెత్తడానికి."

"మీరు మ్యాచ్ సూడనీకొచ్చిన్రా, మొలకలెత్తనీకొచ్చిన్రా?"

"నేను మ్యాచ్‌కే వచ్చానయ్యా. మొలకెత్తడానికి అవి వచ్చాయి."

వెనక లైను కేకలు పెడుతోంది. పైఅధికారి వచ్చాడు, మూట విప్పించాడు, వాసన చూశాడు, మళ్ళీ కట్టించాడు. తీరా ఇన్నింగ్స్ అయ్యాక ఆ పోలీసాయనే వెతుక్కుంటూ వీళ్ళ సీట్ల దగ్గరికి వచ్చాడు. "సార్, మా ఇంటామెకు షుగరుంది. మెంతులు గూడ గిట్లనే కట్టాల్నా?" చివరి ఓవర్లలో ఎవరు కొట్టారో, ఎవరు అవుటయ్యారో పట్టాభిరామయ్య చూడలేదు. మెంతుల పాఠం చెబుతున్నాడు.

చెంగిచెర్లలో చుట్టాల పెళ్ళికి వెళ్తే అక్కడా అంతే. పెళ్ళికి ముందు నవధాన్యాలు మట్టిమూకుళ్ళలో వేసి పాలికలు పెడతారు కదా, అందరూ పెళ్ళికూతుర్ని చూస్తుంటే ఈయన పాలికల్ని చూశాడు.

"పంతులుగారూ, ఈ శనగలు నానబెట్టి వేశారా, పొడివేనా?"

"మంత్రం మధ్యలో ఉన్నానండీ!"

"మంత్రం మీరు కానివ్వండి. నేను కాసిని నీళ్ళు చిలకరిస్తాను."

జనమంతా భోజనాల బంతికి లేచినా ఆయన కుర్చీ కదల్లేదు. ఆ పెళ్ళి ఆల్బంలో తలంబ్రాలు పోసుకుంటున్న జంట వెనక, మూకుళ్ళ మీదికి వంగిన ఆయన వీపు ఇప్పటికీ ఉంది.

ఇక పంచిపెట్టడం. పొద్దున్నే గిన్నె పట్టుకుని ఆయన గుమ్మం దిగితే వీధిలో తలుపులు మూసుకునేవి. తెలంగాణ ఉద్యమం జోరుమీదున్న రోజులు, వరసగా బంద్‌లు. కూరగాయల బండ్లు రావడం మానేసిన ఓ వారంలో మాత్రం ఆ తలుపులన్నీ వాటంతట అవే తెరుచుకున్నాయి. ఎదురింటి లక్ష్మీనర్సమ్మ గిన్నె పట్టుకుని తానే వచ్చింది. పట్టాభిరామయ్య కళ్ళనిండా నీళ్ళు. ఐదోరోజుకి ఆవిడ గేటు దగ్గరే నిలబడి దణ్ణం పెట్టింది: "సార్, తెలంగాణ అయితే ఎట్లనన్న తెచ్చుకుంటం. గీ మొలకలు మాత్రం ఇంక మావల్ల కాదు."

పారిపోనివాడు తేజేష్ ఒక్కడే. పారిపోవడానికి వాడికి వేరే చోటు లేదు.

తేజేష్ నోటికి జల్లెడ లేదు. ఇంజినీరింగ్ రెండో ఏట క్లాసులో నిలబడి, "సార్, ఇది మీకు గూడ అర్థం కాలేదు," అని ఉన్నమాట అన్నాడు. చదువు అక్కడితో సరి. సిమ్ కార్డులమ్మే చోట, "ఈ కంపెనీ సిగ్నల్ మా ఇంట్లనే రాదన్నా," అని కొనడానికొచ్చిన వాడితోనే చెప్పాడు. ఆ కొలువూ సరి. ఒకచోట కాలు నిలవదు, నోరు అసలే నిలవదు. ఫ్యామిలీలకి మాత్రమే అని రాసిన టు-లెట్ బోర్డులు మౌలాలి నుంచి చదువుకుంటూ నడిచొస్తే, ఆ మాట లేని బోర్డు పట్టాభిరామయ్య ఇంటికే కనిపించింది.

రోజూ పొద్దున్నే ఆయన గిన్నెనిండా మొలకలు, పైన చిటికెడు చిట్టి ఆవాకు వేసి పైకి పంపేవాడు. పది నిమిషాలాగి మెట్ల కింది నుంచి కేక. "రిపోర్టు?"

"గడ్డి తిన్నట్టుంది అంకుల్!"

"పచ్చిగడ్డా, ఎండుగడ్డా?"

"ఎండుదే!"

"అయితే ఎండ ఎక్కువ తగిలింది. రేపు గుడ్డ కప్పుతాను!"

అంతే తప్ప కోపం లేదు. ఊరంతా తరిమేసిన నోటిని ఆ ఇంట్లో రోజూ పిలిచి మరీ మాట్లాడించేవాళ్ళు. "మీరు తినరా అంకుల్?" అని ఎప్పుడడిగినా, "నేనిందాకే తిన్నానోయ్," అనేవాడు. అడపాదడపా వాడి జేబులో కూడా ఓ మూట కుక్కేవాడు. కొన్నాళ్ళకి తేజేష్ చొక్కాకీ ఎడమవైపు మరక పడింది. ఛాయాదేవి ఆ ఇంట్లో ఎవరి జేబు తడిగా ఉన్నా తలెత్తి చూడ్డం మానేసింది. ఆ గిన్నెడు మొలకలే లేకపోతే చాలా రోజులు మధ్యాహ్నం దాకా వాడి కడుపులో మంచినీళ్ళే ఉండేవి. ఆ సంగతి వాడు ఎవరికీ చెప్పలేదు.

ఇలా ఉండగా కొంప మునిగింది. తేజేష్‌కి ఉద్యోగం వచ్చింది.

నాచారంలోనే లిఫ్టులు బాగుచేసే ఓ చిన్న కంపెనీ. పగలంతా ఒక అపార్ట్‌మెంట్ నుంచి ఇంకో అపార్ట్‌మెంట్‌కి, పైకీ కిందికీ. కాలు నిలవనివాడికి ఇంతకంటే మంచి ఉద్యోగం ఎవరూ కనిపెట్టలేరు. వాడికి ఎగిరి గంతెయ్యాలనిపించింది. కానీ ఆ ఇడ్లీ రేకుల గొడవ గుర్తొచ్చి గంతు సగంలో ఆగింది. ఆయనకి కావలసింది ఉద్యోగం లేనివాడు. చెబితే గది పోతుంది, ఆ కేక వినపడని ఇంకో గది వెతుక్కోవాలి. అబద్ధం ఆడదామంటే అలవాటు లేదు.

"ఎక్కడికోయ్ పొద్దున్నే?"

"ఊకెనే అంకుల్. జర పైకి కిందికి తిరిగొస్తా."

నిజమే చెప్పాడు. వెళ్ళేముందు ఓసారి, వచ్చాక ఓసారి పళ్ళేలన్నిటికీ నీళ్ళు చల్లాడు. పగలు చల్లనందుకు పరిహారంగా రెండు దోసిళ్ళు ఎక్కువే చల్లాడు. ఎలాగో గడిచిపోతోంది, ఎవరికీ తెలీలేదు అనుకున్నాడు.

ముసురు పట్టింది. ఓ పొద్దున్న లేచేసరికి గదిలో వాసన. నానబెట్టి మరిచిపోయిన మినప్పప్పులాంటి పులిసిన వాసన. శనగల పళ్ళెం జిగురు పట్టింది. ఆవాకు తలలు వాల్చేసింది.  నేను పగలు లేకే ఎండి చచ్చినయ్ అనుకుని, తేజేష్ ఇంకో చెంబు గుమ్మరించి పనికి పరిగెత్తాడు. కానీ ఏ లిఫ్టులో నిలబడినా ఆ వాసనే. మధ్యాహ్నం అన్నం మానేసి, నీళ్ళ బాటిల్ పట్టుకుని ఇంటికొచ్చాడు.

మెట్ల మధ్యలో పట్టాభిరామయ్య. ఒక చెయ్యి మోకాలి మీద, ఒక చేతిలో మగ్గు. ఒక్కో మెట్టుకీ ఓ మూలుగు.

"అంకుల్! మీరేంది, పైకి?"

"నువ్వేంటోయ్ ఈ టైములో?"

"నేను... నీళ్ళు చల్లనీకి."

"నేనూ అందుకేనోయ్. నువ్వు పగలు ఉండట్లేదుగా, పదిరోజులై చల్లుతున్నాను. ఛాయ పూజలో ఉన్నప్పుడు ఒకసారి, వంటింట్లో ఉన్నప్పుడు ఒకసారి."

ఇద్దరూ పైకెక్కారు. గది తలుపు తెరిచే ఉంది. లోపల ఛాయాదేవి, చెంబుతో, శనగల పళ్ళెం మీదికి వంగి నీళ్ళు పోస్తోంది.

ఒకరి చేతిలో మగ్గు, ఒకరి చేతిలో బాటిల్, ఒకరి చేతిలో చెంబు. 

"నువ్వు కూడానా?" అన్నాడు పట్టాభిరామయ్య.

"మీరు మధ్యాహ్నం కునుకు తీసినప్పుడల్లా వస్తున్నాను. అబ్బాయి ఉద్యోగానికి వెళ్తున్నాడు, చల్లేవాళ్ళు లేరు, ఇవి ఎండితే నేనన్న మాటకి నేనే వాణ్ణి పంపెయ్యాలి అని..."

"ఉద్యోగం సంగతి మీకెట్ల తెలుసు ఆంటీ?"

"కంపెనీ పేరు వీపంతా రాసున్న చొక్కా ఉతికి, మేడ మీద తీగకి ఆరేసుకుంటే తెలీదూ? లక్ష్మీనర్సమ్మ గేటులోంచే చదివి నాకు చెప్పింది."

పట్టాభిరామయ్య పళ్ళెం వంచాడు. కాలవలా నీళ్ళు కారాయి. ఆయన జీవితంలో మొలిచి కూడా కుళ్ళిన మొదటి పళ్ళెం అది. "ముగ్గురం కలిసి ముంచేశాం," అన్నాడు నీరసంగా. "ఊపిరాడక చచ్చాయి."

తేజేష్ బాటిల్ కింద పెట్టాడు. "మాటంటే మాట గద ఆంటీ. కంపు కొడ్తున్నది. నేను బట్టలు సర్దుకుంట."

ఛాయాదేవి వాడి వంక చూసింది, మొగుడి వంక చూసింది. గట్టిగా ఓసారి ముక్కు ఎగబీల్చింది.

"కంపా? నాకేం తెలీట్లేదే. ముసురుకి జలుబు చేసింది." నాలుగిళ్ళ అవతల ఎవరో కిటికీ రెక్క ఠపీమని మూశారు. ఆవిడ ఆ చప్పుడు కూడా వినలేదు. గూట్లోంచి ఇడ్లీ రేకులు తీసుకుని, ఆవాకుని అక్కడే దులిపి, చంకన పెట్టుకుంది. "ఇవి మాత్రం ఇక నావి," అంటూ దిగిపోయింది.

మగవాళ్ళిద్దరూ పళ్ళేలు కడగడానికి కూర్చున్నారు.

"అంకుల్, ఒకటడుగుత. గీ మొలకలకి పగలంత మనిషి కావాల్నా?"

"ఎందుకోయ్? పొద్దునోసారి, సాయంత్రమోసారి చల్లితే చాలు."

"మరి ఉద్యోగం లేనోడే కావాలని ఆంటీతోని కొట్లాడిన్రు?"

పట్టాభిరామయ్య పళ్ళెం తుడుస్తూ తలెత్తలేదు. "అప్పుడు నీకున్న క్వాలిఫికేషన్ అదొక్కటే కదటోయ్."

 తేజేష్ ఉన్నమాట ఎవరి మొహాన్నయినా అనగలడు కానీ, థాంక్స్ అనే మాట మాత్రం నాలిక్కి రావట్లేదు. ఓ మూల బతికి బయటపడ్డ ఆవాకు నాలుగు రెమ్మలు తుంచి నోట్లో వేసుకున్నాడు.

"రిపోర్టు?" అన్నాడు పెద్దాయన.

"మస్తున్నయ్ అంకుల్."

"అబద్ధం."

"అవు."

ఇద్దరూ నవ్వారు. పట్టాభిరామయ్య మెట్ల వైపు ఓసారి తొంగిచూసి, గొంతు తగ్గించాడు.

"నాకో సాయం చెయ్యాలోయ్. ఇవి చూశావా?" పైవరస పళ్ళు బొటనవేలితో కదిపాడు. కదిలాయి. "కట్టుడువి. శనగ మొలక కొరికితే ఊడి చేతిలోకొస్తాయి. వీటి రుచి చూసి నాకు ఏళ్ళయింది."

"రోజూ ఇందాకే తిన్నానంటరు గద!"

"తిన్నాననే అన్నాను. మొలకలు తిన్నానని అన్నానా? ఉప్మా తిన్నాను. ఛాయ బీపీ అంటూ నూనె ముట్టనివ్వదు. నువ్వు ఉద్యోగం నుంచి వచ్చేటప్పుడు, నాచారం చౌరస్తాలో బండి దగ్గర రెండు మిరపకాయ బజ్జీలు పట్టుకురా. చేత్తో పట్టుకురాకు, జేబులో పెట్టుకురా. నూనె దిగి తడిసినా, మన జేబులు ఆవిడ చూడదు."