నేను నోరు మూయించిన పిల్ల

మా అత్తాపూర్ కాలనీ కమ్యూనిటీ హాల్లో పెద్దవాళ్ళకు ఫోను వాడకం నేర్పిస్తున్నారంటే పోయిన నెల నేనూ వెళ్ళి కూర్చున్నాను. దవాఖానకు పోకముందే ఫోనులో డాక్టరు టోకెను ఎలా తీసుకోవాలో ఒక అమ్మాయి ఓపిగ్గా చూపించి, చివర ఎవరికైనా డౌటు ఉందా అని అడిగితే, నా ఈడు వాళ్ళం పాతికమందిమీ లేదన్నట్టు బుద్ధిగా తల ఊపాం. నిజానికి నాకు మొదట్లోనే దారి తప్పింది. ముప్పయ్యేళ్ళు పాఠాలు చెప్పినదానికి ఈమాత్రం తెలియదా అని పక్కావిడ నవ్వుతుందేమోనని నోరు పెగల్లేదు. ఇంటికి నడిచి వస్తుంటే, ఎన్నో ఏళ్ళుగా తలుచుకోకుండా దాటేస్తూ వచ్చిన ఒక పిల్ల ముఖం గుర్తొచ్చింది.

శంషాబాద్‌కు ఇంకా విమానాలు రానప్పటి మాట. అక్కడ ఒక చిన్న ప్రైవేటు హైస్కూల్లో నేను తెలుగు టీచర్ని. మా నాయన చర్చిలో పాస్టరు కావడంతో, అక్షరాలు కూడబలుక్కునే వయసు నుంచీ ఆదివారం ఆరాధనలో వాక్యం చదివే పని నాదే. ఒత్తు పోకుండా, దీర్ఘం తగ్గకుండా గంట కొట్టినట్టు చదువుతుందని మా జల్‌పల్లి దాకా నాకు పేరు. ఆ పేరు చూసుకుని ఎంత మురిసిపోయేదాన్నో ఇప్పుడు మీతో చెప్పుకోవడానికే మొహమాటంగా ఉంది.

ఒక ఏడాది లెక్కల టీచరు కాన్పుకు సెలవు పెడితే, ఆమె వచ్చేదాకా ఎనిమిదో తరగతికి లెక్కలు కూడా నన్నే చెప్పమన్నారు హెడ్మాస్టరు. పదో తరగతిలో లెక్కలు ఏదో గట్టెక్కినదాన్నే తప్ప నాకు రావని చెప్పడానికి నామోషీ అనిపించి, సరేనన్నాను.

ఆ తరగతిలో మొదటి బెంచీలో ఒక ముస్లింల అమ్మాయి కూర్చునేది. వాళ్ళ నాన్న లారీ డ్రైవరు. ఇంట్లో దక్కనీ ఉర్దూ మాట్లాడతారు కాబట్టి, ఆమె తెలుగులో ఆడ మగ తేడాలు తారుమారయ్యేవి. కానీ బెదురన్నది ఎరగదు. ఎందుకు టీచర్, ఎట్ల టీచర్ అని అడుగుతూనే ఉండేది. తెలుగు పాఠంలో ఆ ప్రశ్నలంటే నాకు ముద్దుగానే ఉండేది. లెక్కల గంటలో మాత్రం ఆ పిల్ల వైపు చూడాలంటే భయం.

ఒకరోజు సగటు వేగం లెక్క వచ్చింది. ఒక లారీ నూట ఇరవై కిలోమీటర్ల దూరాన్ని పోయేటప్పుడు గంటకు నలభై చొప్పున, వచ్చేటప్పుడు అరవై చొప్పున నడిస్తే సగటు ఎంత అని. నలభైకి అరవై కలిపి సగం చేసి, యాభై అని బోర్డు మీద రాశాను. ఆ పిల్ల లేచి నిలబడింది.

"టీచర్, యాభై రాదు, జర తక్కువ వస్తది. పోయేటప్పుడు లారీ మెల్లగ పోతడు గదా, రోడ్డు మీద ఎక్కువ సేపు ఉంటడు."

అందులో ఏదో నిజం ఉందని ఆ క్షణమే నాకు తట్టింది. తట్టిందే కానీ ఏమిటో తెలియలేదు. నలభై జతల కళ్ళు నా మీదే ఉన్నాయి. అప్పుడు నాకు వచ్చిన విద్యనే బయటికి తీశాను.

"లారీ పోతడా? ఏం, మీ లారీకి మీసాలున్నాయా? ముందు తెలుగు నేర్చుకో, తర్వాత లెక్కలు చెబుదువు గానీ."

తరగతి తరగతంతా విరగబడి నవ్వింది. చెప్పడానికి సిగ్గవుతోంది, వాళ్ళతోపాటు నేనూ నవ్వాను. ఆ పిల్ల కూడా మొదట నవ్వబోయింది. ఆ నవ్వు తన మీదేనని అర్థమయ్యాక మెల్లగా కూర్చుంది.

సాయంత్రం ఇదంతా తమాషాగా మా వారికి చెప్పాను. ఆయన రాజేంద్రనగర్‌లో వ్యవసాయ విశ్వవిద్యాలయం ఆఫీసులో పని చేసేవారు. ఆయన నవ్వలేదు. పేపరు అంచు మీద లెక్క వేశారు. పోవడానికి మూడు గంటలు, రావడానికి రెండు, అయిదు గంటల్లో రెండు వందల నలభై కిలోమీటర్లు, అంటే సగటు నలభై ఎనిమిది.

"పిల్ల చెప్పిందే రైటు. రేపు పోయి అందరి ముంగట చెప్పెయ్. దాంట్ల ఏమున్నది?" అన్నారు.

ఏమీ లేదని నాకూ తెలుసు. దారి పొడుగునా ఆ మాట కూడబలుక్కుంటూనే బడికి వెళ్ళాను. తీరా తరగతిలో అడుగుపెట్టాక, బోర్డు మీద నలభై ఎనిమిది అని రాసి, "నిన్న మిమ్మల్ని పరీక్షించడానికే తప్పు చెప్పాను, ఒక్కరూ పట్టుకోలేకపోయారు" అన్నాను. ఆ పిల్ల తలెత్తి నా వైపు చూసింది. ఆ చూపులో కోపం ఉన్నా బాగుండేది. కొత్త సంగతేదో నేర్చుకుంటున్నట్టు చూసి, తల దించుకుని నలభై ఎనిమిది అని నోటుబుక్కులో రాసుకుంది.

ఆ వారంలోనే ఆమెకు మీసాల లారీ అని పేరు పెట్టారు పిల్లలు. నేను విని, విననట్టు ఊరుకున్నాను. ఆమె చివరి బెంచీకి పోయింది. చోద్యమేమిటంటే, తక్కినవాళ్ళు కూడా అడగడం మానేశారు. మీ క్లాసు ఎంత నిశ్శబ్దంగా ఉంటుందమ్మా అని హెడ్మాస్టరు మెచ్చుకున్నారు. లెక్కల టీచరు తిరిగొచ్చి, ఈ పిల్లలకు ఏమైంది, నోరే తెరవడం లేదేమని అడిగితే, పెద్దవాళ్ళవుతున్నారు కదా అన్నాను.

నేను రిటైరైన తర్వాత ఒకసారి శంషాబాద్ బస్టాపులో ఒక బురఖా ఆవిడ సలాం టీచర్ అంటూ దగ్గరికొచ్చింది. గొంతు పోల్చుకోలేదు కానీ కళ్ళు చూసి గుర్తుపట్టాను. విమానాశ్రయం దగ్గర ఏదో గోదాములో ప్యాకింగు పని చేస్తున్నానని చెప్పింది. పక్కన స్కూలు డ్రెస్సులో పదేళ్ళ కూతురు. ఆ చిన్నది నన్ను ఎగాదిగా చూసి, మీరు ఏం సబ్జెక్టు చెప్పేవాళ్ళు, మా అమ్మ బాగా చదివేదా అని మొదలుపెట్టగానే తల్లి దాని భుజం నొక్కింది.

"చుప్. క్లాసుల గూడ గిట్లనే టీచర్, ఊకె అడుగుతది. నోరు మూసుకొని కూసోమని రోజూ చెప్తనే ఉంటా. నలుగుర్ల ఇజ్జత్ పోతది గదా."

ఆమె తెలుగులో ఇప్పుడు ఒక్క తప్పు లేదు. దెప్పిపొడవడానికి అన్న మాటా కాదు, పిల్ల మేలు కోరే తల్లి మాట. అడగనివ్వమ్మా, ఆనాడు నువ్వు చెప్పిందే నిజం, తప్పు నాది అని నాలుక చివరి దాకా వచ్చింది. ఆ చిన్నదాని తల నిమిరి, బాగా చదువుకో అని మాత్రం అనగలిగాను. ఇంతలో వాళ్ళ బస్సు వచ్చింది.

ఆ బడి ఇప్పుడు లేదు. రోడ్డు వెడల్పులో సగం పోగా, మిగిలిన చోట లాడ్జీ కట్టారు. కొత్త బడుల్లో బెత్తం లేదు, పిల్లలు టీచర్ల పక్కన నిలబడి ఫోటోలు దిగుతున్నారు, చూస్తే సంతోషంగానే ఉంటుంది. ఆమె ఎక్కడుంటుందో వెతికి పట్టుకుని క్షమించమని అడగవచ్చు కదా అని మీరనవచ్చు. ఈ నెల రోజుల్లో నేనూ చాలాసార్లు అనుకున్నాను. కానీ నేను ఆమెను చిన్నబుచ్చింది చాటుగా కాదు, నలభైమంది ముందు. తప్పు నాదన్న మాట కూడా వాళ్ళందరి ముందే చెప్పాలి. వాళ్ళు తలో దిక్కూ వెళ్ళిపోయారు, ఎవరి పిల్లలకు వాళ్ళు ఏం చెప్పుకుంటున్నారో.