ఏమీ వేయని మడి

2008లో నన్ను హయత్‌నగర్ అవతల ఉన్న ఒక ప్రభుత్వ పచ్చిక పరిశోధన కేంద్రానికి సీనియర్ శాస్త్రవేత్తగా బదిలీ చేశారు. కేంద్రం పేరు రాయను. అక్కడ ఇంకా పనిచేస్తున్నవాళ్లను నా కోపంలోకి లాగడం ఇష్టం లేదు. నాది కృష్ణా జిల్లా, కాపురం దిల్‌సుఖ్‌నగర్ పక్కన కొత్తపేటలో. గడ్డి మీద పరిశోధన అంటే మా అపార్ట్‌మెంట్‌లో అందరికీ వేళాకోళమే. రెవెన్యూవాళ్లదీ అదే చూపు. నేను ఎన్నో రకాల మొక్కలు గుర్తించిన ఆ నేల వాళ్ల లెక్కల్లో ఉత్త బంజరు.

మా పని తీరు ముందు చెప్పాలి. పచ్చిక బీడును చదరపు మడులుగా విడగొట్టి, తొలకరికి కొన్నింట్లో నత్రజని, కొన్నింట్లో భాస్వరం, కొన్నింట్లో పొటాష్, కొన్నింట్లో మూడూ కలిపి వేస్తాం. కొన్ని మడుల్లో ఏమీ వేయం. వాటిని కంట్రోల్ అంటారు. వానలు తగ్గి గడ్డి పూతకు వచ్చినప్పుడు ప్రతి మడిలో ఏయే రకాలున్నాయో రాసుకుని, కొంత మేర కోసి, ఆరబెట్టి తూస్తాం. ఎరువు వేసిన చోట గడ్డి ఏపుగా పెరుగుతుంది. ఆ నీడలో విష్ణుక్రాంతం, వెంపలి లాంటి చిన్న మొక్కలు చచ్చిపోతాయి. బరువు పెరుగుతుంది, రకాలు తగ్గుతాయి. ఎన్ని తగ్గాయో చెప్పాలంటే ఏమీ వేయని మడి పక్కన ఉండాలి. అది లేకపోతే మిగతా మడులన్నీ పశువుల మేతకు తప్ప ఎందుకూ పనికిరావు.

నా దగ్గర స్వరూప అనే అమ్మాయి పీహెచ్‌డీ చేసేది. నల్లగొండ పల్లె నుంచి వచ్చి దిల్‌సుఖ్‌నగర్‌లో గది కిరాయికి తీసుకుని ఉండేది. 2011 కోత ఆమె సిద్ధాంత వ్యాసానికి ఆఖరి కోత. అది తప్పితే అంతకు ముందు ఏళ్ల కోతలన్నీ సగంలో ఆగిపోయినట్టే.

సరిగ్గా గడ్డి పూతకొచ్చే వేళకు ప్రత్యేక తెలంగాణ కోసం సకల జనుల సమ్మె మొదలైంది. బస్సులు ఆగిపోయాయి. ఎల్బీనగర్ చౌరస్తాలో రోడ్డు మీదే పొయ్యిలు పెట్టి వంటావార్పు చేశారు. స్వరూప అక్కడ కూరగాయలు తరిగింది. మా కేంద్రం ఉద్యోగులంతా సమ్మెలోకి దిగారు, నేనూ దిగాను. ఆంధ్రా మనిషివి నీకెందుకు అని చుట్టాలు ఫోన్ చేసి మరీ అడిగారు. నాతో కలిసి పనిచేసేవాళ్లు బయట కూర్చుంటే నేను లోపల కూర్చోలేనన్నాను.

కానీ గడ్డి ఆగదు. స్వరూప మా ఇంటికి వచ్చి, "మేడమ్, పూత రాలిపోతే ఏ మొక్క ఏందో ఎట్ల గుర్తువడతం?" అంది. ఇద్దరం సమ్మె శిబిరానికి వెళ్లి మా గోడు చెప్పుకున్నాం. వాళ్లు ఒక్క మాటలో తేల్చారు. "కోసుకోనీకి మేమెందుకు ఆపుతం మేడమ్? పోయి కోసుకోండ్రి. చదువుకునే పిల్లది, జర మంచిగ చూసుకోండ్రి." ఉద్యమం చేస్తున్నవాళ్లకు అర్థమైన ఆ సంగతి మా డైరెక్టర్‌కు అర్థం కాలేదు. సమ్మెలో ఉన్నవాళ్లెవరూ గేటు లోపల కాలు పెట్టకూడదని ఆయన ఆజ్ఞ. నేను ఫోన్‌లో ఎంత చెప్పినా వినలేదు. ఒక్క పూట చాలన్నా ఒప్పుకోలేదు.

డైరెక్టర్‌దీ మా కోస్తా వైపే. వ్యవసాయ శాఖ నుంచి వచ్చిన మనిషి. ఉద్యోగమంతా వరి పొలాల్లో గడిచింది. పసుపు తిరిగిన ఆకు కనిపిస్తే ఆయనకు పరువు పోయినట్టుండేది. కంట్రోల్ మడులు బక్కగా ఎందుకుంటాయని ప్రతి సమావేశంలో అడిగేవారు, నేను ప్రతిసారీ చెప్పేదాన్ని. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే అయింది.

సమ్మె ముగిశాక గేటు తెరిచారు. స్వరూప నాకంటే ముందు మడుల దగ్గరకు నడిచింది, అక్కడే నిలబడిపోయింది. కంట్రోల్ మడులన్నిట్లో, మేం నడిచే బాటవైపు సగం ముదురాకుపచ్చగా ఉంది. అవతలి సగం మాత్రం ఎప్పటిలాగే లేత పసుపు. ఆమె ఏడవలేదు. కూర్చుని మట్టి వేళ్లతో నలిపి, "యూరియా వేసిండ్రు మేడమ్," అంది.

తోటమాలి మల్లయ్యను పిలిచి అడిగాను. రోజుకూలీ గనక సమ్మెలో కూడా అతన్ని పనికి రప్పించారు. అతను దాచలేదు. "సారే చెప్పిండు మేడమ్. సచివాలయం నుంచి పెద్దాఫీసర్ ఒస్తున్నడట, సమ్మెల గూడ పని ఆగలేదని చూపియ్యాలె, గీ మడులు ఎండినట్టున్నయి, పచ్చగ జెయ్యమన్నడు. మడిల కాలు పెట్టొద్దని మీరు చెప్పిన్రు గద. అందుకే బాట మీదికెల్లి చల్లిన." చెయ్యి అందినంత మేరే పడిందన్నమాట. తొక్కితే మట్టి గట్టిపడుతుందని నేను పెట్టిన నియమం అది. ఆ నియమం వల్లే అవతలి సగం మిగిలింది. నీ పేరు ఎక్కడా రానివ్వనని మల్లయ్యకు మాటిచ్చాను. ఇక్కడ రాసిందీ అతని అసలు పేరు కాదు.

మూడో రోజు డైరెక్టర్ నన్ను గదికి పిలిచారు. మడులు పాడైన సంగతి స్వరూప పీహెచ్‌డీ చూసే విశ్వవిద్యాలయం కమిటీకి తెలియజేయాలన్నారు. కారణం ఆయనే తయారుచేసి ఉంచారు. స్వరూప ఉద్యమం ధ్యాసలో పడి, జూన్‌లో ఎరువు వేసేటప్పుడు అజాగ్రత్తగా కంట్రోల్ మడుల్లో కూడా చల్లిందట. నేను అవునంటే చాలట. "మీరు మనవైపు మనిషి, మీకు నేను విడమరిచి చెప్పాలా మేడమ్?" అన్నారు. నాకు ఒళ్లు మండింది. యూరియా చల్లించడం తెలివితక్కువతనం, దాన్ని క్షమించవచ్చు. ఒక పిల్ల కష్టాన్ని పాడుచేసి, ఆ పాపం ఆమె నెత్తినే రుద్ది, దానికి నా ఊరి పేరును సాక్ష్యం అడగడం మాత్రం నీచం. నేను లేచి వచ్చాను.

తర్వాతి పని నాకు తెలిసిన పద్ధతిలోనే చేశాను. ప్రతి కంట్రోల్ మడిలో బాటవైపు నుంచీ, అవతలివైపు నుంచీ విడివిడిగా మట్టి తీసి, బయటి ప్రయోగశాలలో నత్రజని పరీక్ష చేయించాను. బాటవైపు మట్టిలో నత్రజని పైపొరలోనే నిలిచి ఉంది. జూన్‌లో వేసిన యూరియా ఆ ఏటి వానలన్నీ దాటి పైపొరలో అంత మిగలదు. పైగా జూన్‌లో వేసి ఉంటే గడ్డి మోకాలెత్తు పెరగాలి. అక్కడ ఉన్నది పొట్టి గడ్డికి కొత్తగా వచ్చిన పచ్చదనం. చల్లింది సమ్మె రోజుల్లోనే.

కమిటీ ముందు డైరెక్టర్ తన కథ చెప్పారు. నేను మట్టి ఫలితాలు పెట్టి, ఎరువు పడింది సమ్మె కాలంలో అని వివరించాను. విద్యార్థిని దొంగచాటుగా వచ్చి చల్లి ఉండవచ్చు కదా అని ఒక సభ్యుడు అడిగారు. దానికి డైరెక్టరే అడ్డు తగిలారు. తన నిర్వహణ మీద మచ్చ పడుతుందనుకున్నారేమో, సమ్మెలో ఉన్న ఒక్క మనిషిని కూడా తాను గేటు దాటనివ్వలేదని, రాత్రింబవళ్లు కాపలా పెట్టించానని గర్వంగా చెప్పారు. అయితే లోపల ఎవరున్నారు సార్ అని నేను అడిగాను. ఆయన గ్లాసులో నీళ్లు తాగారు. కమిటీ ఇంక ఎవరినీ ఏమీ అడగలేదు.

స్వరూప తప్పేమీ లేదని తేల్చి, అవతలి సగాలనే కంట్రోల్‌గా తీసుకోవడానికి కమిటీ ఒప్పుకుంది. పూత పోయింది గనక స్వరూప మరో ఏడాది ఆగి, మరుసటి ఏటి వానల తర్వాత కోత కోసింది. పట్టా వచ్చింది. ఆ ఏడాది ఆమెకు తిరిగి ఇచ్చినవాళ్లు లేరు. డైరెక్టర్‌కు చిన్న మందలింపు కూడా రాలేదు, పదోన్నతి మాత్రం వేళకు వచ్చింది. ఇది రాస్తుంటే ఇప్పటికీ నాకు మండుతుంది, చల్లారాలని నేను అనుకోవడం లేదు. బాటవైపు సగాల్లో, నేను రిటైరయ్యేదాకా, విష్ణుక్రాంతం మళ్లీ కనిపించలేదు.

ఆ తర్వాత నేను చూసిన ప్రతి ప్రయోగంలో ఏమీ వేయని మడికే ఎక్కువ కాపలా పెట్టించాను. దాన్ని బాగుచేయాలనే సరదా ఎప్పుడూ పెద్దవాళ్లకే పుడుతుంది. విచారణల్లో కూర్చోవలసి వచ్చినప్పుడల్లా మొదట అందరూ అడిగే ప్రశ్న, ఆ రోజు ఎవరు రాలేదు అని. నేను మాత్రం ఆ రోజు ఎవరు వచ్చారని అడిగేదాన్ని. రానివాళ్లు ఎరువు చల్లలేరు.