కొవ్వొత్తి వెలిగించని జాగా

సమాధుల పండుగకు వారం ముందే నాకు విసుగు మొదలవుతుంది. బూర్గంపాడు దగ్గరి మా ఊళ్లో అందరూ తమ వాళ్ల సమాధులకు సున్నం కొడతారు. నేను ఎవరూ లేని జాగాకు కొడతాను. మా నాయనమ్మ తల్లి సమాధి పక్కన, చుట్టూ గోదావరి గుండ్రాళ్లు పేర్చిన ఆరడుగుల ఖాళీ నేల అది. రెండో ప్రపంచ యుద్ధానికి బర్మా వెళ్లి తిరిగిరాని నాయనమ్మ తండ్రి కోసం ఉంచింది. చనిపోయాడని టెలిగ్రాం వచ్చింది గానీ శవం రాలేదు. నాయనమ్మ అప్పటికి కడుపులో ఉంది. టెలిగ్రాంను తల్లి నమ్మలేదు, తల్లి మాటను కూతురు కాదనలేదు. బదిలీ వచ్చినా వద్దనుకున్నది ఈ రాళ్ల కోసమేనంటే మా ఆఫీసులో నవ్వుతారు.

పండుగ రోజు పాస్టరు గారు యుద్ధంలో పోయిన మా ఊరి వాళ్ల పేర్లు ఒక్కొక్కటే పిలుస్తారు. పేరు వినగానే ఆ ఇంటివాళ్లు కొవ్వొత్తి వెలిగించాలి. మా వంతు వచ్చేసరికి నన్ను వెలిగించనివ్వకుండా నాయనమ్మ నా మణికట్టు పట్టుకుంటుంది. ఎనభై దాటిన ఆ చేతికి అంత బలం ఎక్కడిదో! అందరూ మమ్మల్నే చూస్తుంటే నాకు తల కొట్టేసినట్టుంటుంది.

పోయినేడు సంఘపెద్ద ఇంటికే వచ్చాడు. సమాధుల తోట నిండిపోయిందట. ఈ రోజుల్లో చచ్చినా జాగా దొరకడం కష్టమే.

“అవ్వా, ఈ పండుగకన్నా కొవ్వొత్తి పెట్టు. అప్పుడది సమాధి లెక్క. లేకుంటే వేరేటోళ్లకు ఇయ్యాల్సి వస్తది.”

“మా నాయిన సచ్చిండని నువ్వు చూసినవా?” అంది నాయనమ్మ.

ఆయన నా వైపు తిరిగాడు. “నువ్వన్నా చెప్పమ్మా.”

ఏం చెప్పను? వెలిగించమంటే ఆమె తండ్రిని నేను చంపినట్టు. వద్దంటే ఆమె తల్లి పక్కన ఎవరో పరాయివాళ్లు పడుకుంటారు. పని వంకతో ఆ వారం కొత్తగూడెంలోనే ఉండిపోదామనుకున్నాను. ఆమెను ఆటో ఎక్కించడానికి నేను తప్ప ఎవరున్నారు?

పండుగ వచ్చింది, ఆమె తండ్రి పేరు పిలిచారు. నాయనమ్మ నా చేయి పట్టుకోలేదు. పక్కవాళ్లను కొవ్వొత్తి అడిగి తీసుకుని, ఖాళీ జాగాలో తనే వెలిగించింది. నాకు ఏడుపొచ్చింది. అబద్ధమెందుకు, అమ్మయ్య అని కూడా అనిపించింది.

“మంచి పని చేసినవ్ అవ్వా,” అన్నాడు సంఘపెద్ద.

“మా నాయినకు కాదు, ఈ కొవ్వొత్తి నాకు. నేను ఈడనే పండుకుంటా. ఇగ జాగా ఎవరికీ ఇయ్యకుర్రి.”

నాయనమ్మ నా దగ్గరికి వచ్చింది.

“నేను పోయినంక కూడా ఆయన పేరు పిలుస్తరు బిడ్డా. నువ్వు వెలిగియ్యకు. ఆయనొస్తే మేం ఏడున్నమో చెప్పేటోళ్లు ఒకరుండాలె గద.”

నేను కొవ్వొత్తి వైపు చూశాను. ఆమె కదల్లేదు.

“అవ్ అను.”

“అవ్,” అన్నాను.