ఒడ్డున పెట్టిన పట్టీలు

కొన్నేళ్లుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. నా పేరు వద్దు. ఫిల్మ్ నగర్‌లో కథలు రాసుకు బతికేవాణ్ని, అది చాలు.

మా కథా చర్చల్లో ఒక అలవాటుంది. సీను కదలకపోతే ఎవరో ఒకరు తమ ఇంటి సంగతి బయటపెడతారు. గదిలో పడ్డ మాట ఇక కథ సొత్తే. ఆ రోజు మా సహాయ రచయిత్రి వసుధ నోరు జారింది.

వాళ్లమ్మది గోదావరి మధ్య లంక. పడవ తప్ప దారి లేదు. వాళ్ల పెద్దమ్మ వరదలో కొట్టుకుపోయిందని అందరూ నమ్మి దినం కూడా చేశారు. నిజానికి ఆవిడ ఇష్టపడ్డవాడితో వెళ్లిపోయింది. మునిగిపోయిందనుకోవాలని అక్క పట్టీలు రేవు ఒడ్డున పెట్టింది చెల్లెలే, అంటే వసుధ తల్లి. ఆ మాట ఆవిడ జన్మలో ఒక్క కూతురికే చెప్పుకుంది.

"సార్, ఇది మాత్రం వాడకండి. అమ్మ తట్టుకోలేదు" అంది వసుధ. సరేనన్నాను.

ఆ సినిమా అటకెక్కింది. నేను నవల రాశాను. లంకని తీసుకెళ్లి సముద్రం మధ్యలో పెట్టాను, పేర్లన్నీ మార్చాను, ఇంకెవరు పోలుస్తారులే అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను గానీ, పట్టీలను మాత్రం వదల్లేకపోయాను. ఎందుకు? అంత మంచి మలుపు నా బుర్రకి ఎన్నడూ తట్టలేదు. అంతే.

వాళ్లమ్మ చదివి నాకే ఫోన్ చేసింది.

"బాబూ, ఆ పట్టీల సంగతి మీకెలా తెలిసిందండీ?"

"ఊహేనండీ."

"కుడి పట్టీకి మువ్వలు ఊడిపోయాయని కూడా ఊహేనా?"

వద్దన్నా రాశానని ఒప్పుకుంటే పోయేది. "మీ అమ్మాయే రాయమందండీ" అన్నాను.

"అలాగా" అని పెట్టేసింది.

ఆ తర్వాత ఆవిడ కూతురితో మాట్లాడలేదు. వసుధ నా దగ్గరికొచ్చి ఏడ్చింది. రాసినందుకు నన్ను ఒక్క మాటైనా అనలేదు. తను వద్దందని అమ్మకి చెప్పమంది, అంతే. చెప్తానన్నాను. నాలుగు రోజులాగి, "ఎంత చెప్పినా వినలేదమ్మా" అన్నాను. సిగ్గులేనివాణ్ని కాకపోతే ఆ మాట ఎలా వచ్చింది?

తల్లి పోయింది. చివరిదాకా కూతుర్ని పిలవలేదు. "మా అమ్మ నన్ను నమ్మలేదు సార్" అని వసుధ ఇప్పటికీ అంటూనే ఉంటుంది. నేను టీ చెప్తాను.

వాళ్లమ్మకి నేను చెప్పనే లేదు. మళ్లీ ఫోనే చేయలేదు. పాపం, ఆ తల్లి చేసిన తప్పల్లా నా మాట నమ్మడం. ఇన్నాళ్లకి ఇది కాగితం మీద పెట్టాక కాస్త ఊపిరి ఆడుతోంది. వసుధకి మాత్రం ఇంకా చెప్పలేదు.